ప్రదేశ్ కాంగ్రెసు ఎవరిది?

జాతీయపక్షముయొక్క రాష్ట్రశాఖ తన పెద్దను తానే ఎన్నుకొనవలెనా, లేక కేంద్రస్థానమునుండి వచ్చిన పేరును శిరసావహించి ఊరకుండవలెనా యను వివాదము తెలుగునాట క్రొత్తది కాదు. గుంటూరులో ఒక గ్రంథాలయపు అరుగుమీద సాయంకాలములందు కూడుకొను పెద్దలలో ఇరువురు దీనినిగూర్చి వాదించుకొనిరి. అందొకరు చిరకాలము సివిలు దావాలు నడపిన న్యాయవాది; వ్రాతమూలకమైన అధికారముపై ఆయనకెంత గౌరవమో, గుంపుగూడి చేతులెత్తు పద్ధతిపై అంత అనుమానము. రెండవవారు జిల్లాపరిషత్తు పాఠశాలలో చరిత్ర చెప్పి విశ్రాంతి గైకొనిన ఉపాధ్యాయులు. ఏ పదవిని ఆశించినవారు కారుగాని, కాంగ్రెసుచరిత్రలో ఆంధ్రుల పాలెంతయో చెప్పుమన్నచో ప్రొద్దు తెలియని వారు. ప్రదేశ్ కమిటీకి నూతనాధ్యక్షుని నియమించినట్లు ఢిల్లీనుండి వెలువడిన ప్రకటన ఆనాటి పత్రికలో అచ్చయియుండుటచే సంవాదము అందుండియే ఆరంభమయ్యెను.

మాస్టారు: వకీలుగారూ, ఈ ప్రకటన చిత్తగించితిరా? అఖిలభారత కమిటీ ప్రధానకార్యదర్శి సంతకముతో నాలుగు పంక్తుల కాగితము వచ్చినది. క్రొత్తవారి నియామకము తక్షణమే అమలులోనికి వచ్చునని ఒక వాక్యము, పాతవారి సేవలు ప్రశంసనీయములని మఱొక వాక్యము. ఇన్ని జిల్లాలలో, ఇన్ని మండలములలో కాంగ్రెసువాదులమని చెప్పుకొనువారిలో ఒక్కనినైనను 'నీ అభిప్రాయమేమి?' అని అడిగినట్లు అందులో లేదు. సరకును, ధరను, బల్లపై పేరును అన్నిటిని కంపెనీయే నిర్ణయింపగా తాళపుచెవి మాత్రము చేతబట్టుకొనియుండు ఏజెన్సీ దుకాణమునకును, విజయవాడలోని ప్రదేశ్ కాంగ్రెసు కార్యాలయమైన ఆంధ్రరత్న భవనమునకును నేడు భేదమేమి?

వకీలు: మీరు భేదము లేదని నొచ్చుకొనుచున్నారు, నేను ఆ మాత్రపు పోలిక ఉండుట అవసరమే యందును. దేశమును పాలింపదలచిన పక్షమునకు ఒక మాట, ఒక గుర్తు, ఒక ప్రణాళిక ఉండవలెను. ప్రతి రాష్ట్రశాఖయు తన ఇచ్చవచ్చినవానిని పెద్దగా నిలుపుకొని, తన ఇచ్చవచ్చిన పలుకు పలికినచో అది జాతీయపక్షము కాదు, ప్రాంతీయపక్షముల సంత. కృష్ణాజలములనుగూర్చి బెంగుళూరులో ఒక కాంగ్రెసు, హైదరాబాదులో ఒక కాంగ్రెసు, విజయవాడలో ఒక కాంగ్రెసు మూడు వాదములు చేయుచుండగా, ఈ మూటిని త్రాసునం దుంచి తూచువాడు పైన నొకడు లేనిచో ఆ పక్షము నిలుచునా?

మాస్టారు: తూచువాడు వలదని నేననలేదు. తూకమునకు వచ్చిన వస్తువు కూడ అతనిదే అయినచో ఆ తూకమునకు అర్థమేమి యని నా ప్రశ్న. చరిత్ర చూడుడు. ఆంధ్రరాష్ట్రము 1953లో పుట్టినది. ఆంధ్ర కాంగ్రెసు కమిటీ 1918లోనే పుట్టినది. రాష్ట్రముకంటె ముప్పదియైదేండ్లు పెద్దదైన రాష్ట్రశాఖ యిది! 1917లో కలకత్తా కాంగ్రెసునందు, అధ్యక్షపీఠముపై నున్న అనిబిసెంటుగారు అంగీకరింపకున్నను, తిలక్ మహాశయుడు బాసటగా నిలువగా, మదరాసు రాజధానిలో అంతర్భాగమైన తెలుగుజిల్లాలకు ప్రత్యేకమైన కాంగ్రెసు మండలమును మనవారు సాధించుకొనిరి. న్యాపతి సుబ్బారావు పంతులుగారు దానికి తొలి అధ్యక్షులు, మన ఊరి కొండా వెంకటప్పయ్య పంతులుగారు కార్యదర్శి. 1920లో నాగపురమున కాంగ్రెసు తన కమిటీలన్నిటిని భాషాప్రాతిపదికపై పునర్నిర్మించుకొనినప్పుడు, ఆంధ్రులు మూడేండ్లకు ముందు పట్టుపట్టి పొందినదే దేశమంతటికిని నియమమయ్యెను. శాఖ మార్గము చూపినది, కేంద్రము అనుసరించినది. అట్టి కమిటీ నేడు ఒక లేఖకొఱకు ఎదురుచూచుట మీకు కష్టముగా తోపదా?

వకీలు: తోచును; కాని మీరు చెప్పిన చరిత్రయే నాకు సాక్షి. ఆ మండలమును ఇచ్చినదెవరు? కలకత్తాలో కూడిన అఖిలభారత కాంగ్రెసు. మనవారు అడిగిరి, వారిచ్చిరి. నాగపురపు నిబంధనావళిలో భాషాప్రాంతములొక ప్రక్కనుండగా, వానియన్నిటిపైని కార్యనిర్వాహకవర్గము కూడ నిలిచినది. మఱుసటి సంవత్సరము మార్చి నెలాఖరున బెజవాడలో అఖిలభారత కమిటీ కూడి కోటిమంది సభ్యులు, తిలక్ స్వరాజ్యనిధికి కోటిరూపాయలు, ఇరువదిలక్షల రాట్నములు కావలెనని శాసించినది. ఆ లెక్కను ఏ రాష్ట్రకమిటీయు తనంతట వేసికొనలేదు, పైనుండియే వచ్చినది. పైనుండి వచ్చినది గనుకనే దేశమంతయు ఒక్కటిగా కదలినది.

మాస్టారు: లెక్క పైనుండి వచ్చినది, కోటి ఎవరు వసూలుచేసిరి? ఊరూర తిరిగి నాలుగణాల చందా పుచ్చుకొని పుస్తకములో పేరు వ్రాసికొనినది తాలూకా కమిటీ. ఆ పుస్తకమే ఓటర్ల పట్టిక. ఆ ఓటర్లే జిల్లాకమిటీని, అది రాష్ట్రకమిటీని నిలిపినవి. అంతియే కాదు, శాసనోల్లంఘనవంటి ప్రమాదకరమైన పనికి కూడ, 1921 నవంబరులో ఢిల్లీయందు కూడిన అఖిలభారత కమిటీ, రాష్ట్రకమిటీలకు తమ స్వబాధ్యతపై పూనుకొను అధికారమిచ్చెను. నియమములు మాత్రము విధించెను. ఆ అధికారముతోనే మన పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు నిరాకరించి బ్రిటిషు ప్రభుత్వమును కొన్నివారములు నిద్రలేకుండ జేసిరి. స్వబాధ్యత యనగా ఏమియో ఆనాటి శాఖ ఎఱుగును.

వకీలు: ఎఱిగియు, గాంధీగారు వారించినంతనే ఆపివేసినది గదా! వెంకటప్పయ్య పంతులుగారికి ఆయన జాబు వ్రాసి, నియమములన్నియు నెరవేరినవో లేదో చూచుకొమ్మనెను. పిమ్మట ఉద్యమమే నిలిచిపోయెను. ఆ విధేయతయే వారిని కాపాడినది. విధేయత తప్పిననాడు ఏమయ్యెనో కూడ చెప్పెదను వినుడు. 1946లో మదరాసు ప్రధానిగా రాజాజీ యుండవలెనని గాంధీగారును పైవారును కోరిరి. శాసనసభాపక్షము ఆ కోరికను త్రోసిపుచ్చి ప్రకాశం పంతులుగారి నెన్నుకొనెను. మీ సిద్ధాంతముప్రకారము అది మహోదయము. కాని సంవత్సరము తిరుగకుండనే ఎన్నుకొనినవారే ఆయనను దించివేసిరి. దీనికేమందురు?

మాస్టారు: ఎన్నుకొనినవారే దించిరి; ఢిల్లీనుండి విమానములో వచ్చినవారు దించలేదు! నాకు కావలసిన ధర్మము అదియే. ఎత్తినచేయియే దించినచో పడినవాడు ఎవరిచే పడెనో తెలిసికొని, వారియొద్దకే మరలపోయి వాదింపగలడు. ప్రకాశంగారు ఆ పతనముతో ముగిసిపోయిరా? 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి ఆయనయే.

వకీలు: సరే, 1951నకు రండు. ఆంధ్రకాంగ్రెసు అధ్యక్షపదవికి ఆచార్య రంగాగారును నీలం సంజీవరెడ్డిగారును పోటీపడిరి, ఓట్లు లెక్కించిరి, సంజీవరెడ్డిగారు గెలిచిరి. తరువాత జరిగినదేమి? రంగాగారు కృషికార్ లోక్ పార్టీ పెట్టిరి. ప్రకాశంగారు ప్రజాపార్టీ వైపు పోయిరి. ఇల్లు మూడు ముక్కలయ్యెను. 1952 ఎన్నికలలో తెలుగుజిల్లాల 140 స్థానములలో కమ్యూనిస్టులకు 41 రాగా కాంగ్రెసుకు 40 మాత్రమే దక్కెను. గెలిచిన సంజీవరెడ్డిగారే అనంతపురమున చెఱలోనున్న బావమఱది తరిమెల నాగిరెడ్డిగారి చేత ఓడిపోయిరి. ఈ ముక్కలను మరల అతికినదెవరు? 1955 మధ్యంతరపు ఎన్నికలకు ముందు ఢిల్లీవారు ఎస్.కె. పాటిల్‌గారిని పంపగా, ఆయన ఇక్కడ కూర్చుండి, ఒకరిమొగము ఒకరు చూడనివారిని ఒక పందిటిక్రిందికి చేర్చెను. ఫలితము: 196 స్థానములలో 146 ఐక్యకాంగ్రెసువి, కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చియు 15 స్థానములే. ఓటు చీల్చినది, అధిష్ఠానము కలిపినది. ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము ఏ న్యాయస్థానమున దొరకును?

మాస్టారు: నిదర్శనము స్పష్టమే; తీర్పు మాత్రము మీరు తొందరపడి వ్రాయుచున్నారు. పాటిల్‌గారు కలిపినదెవరిని? తమ వెనుక నిజముగా జనము గల నాయకులను. రంగాగారి వెనుక రైతులుండిరి, ప్రకాశంగారి వెనుక సర్వాంధ్రజనాభిమానముండెను, సంజీవరెడ్డిగారి వెనుక కమిటీ ఓట్లుండెను. వారిలో ఎవ్వరును ఢిల్లీ కల్పించిన నాయకులు కారు; కనుకనే కలిపినప్పుడు బలమేర్పడినది. శూన్యములను ఎన్నింటిని కూడినను శూన్యమే గదా! మఱియొకటి: అట్లు పోటీలలో ఆరితేరిన శాఖయే కేంద్రమునకు పెద్దలను పంపినది. 1948లో పట్టాభి సీతారామయ్యగారు టాండన్‌గారితో పోటీపడి ఓట్లతోనే కాంగ్రెసు అధ్యక్షులైరి. 1939లో సుభాష్ బోసుతో పోటీపడి ఓట్లతోనే ఓడిపోయియుండిరి. 1960లో సంజీవరెడ్డిగారు, 1962లో దామోదరం సంజీవయ్యగారు ఆ పీఠమెక్కిరి. శాఖ స్వతంత్రముగా నున్నంతకాలము ఆంధ్రులు ఢిల్లీని నడపిరి; అది నియామకములకు అలవాటుపడిన తరువాత ఢిల్లీ ఆంధ్రులను నడపినది.

వకీలు: తెలంగాణము మాటయో? అక్కడ మీ రీతి ఎన్నికల శాఖ ఎన్నడుండినది?

మాస్టారు: అక్కడి చరిత్ర ఇంకను ఘనమైనది. సంస్థానములలో కాంగ్రెసుపేరిట ఉద్యమములు నడపవలదని, అక్కడి ప్రజలు తమ సంస్థలను తామే నిర్మించుకొనవలెనని 1938లో హరిపుర కాంగ్రెసు తీర్మానించెను. హైదరాబాదువారు ఆ యేటనే స్టేటు కాంగ్రెసు స్థాపింపబూనగా నైజాము నిషేధించెను. స్వామి రామానందతీర్థాదులు సత్యాగ్రహముచేసి చెఱకేగిరి. 1946వఱకు నిషేధము తొలగలేదు. ఢిల్లీ పేరుపెట్టకుండ, నైజాము బ్రతుకనీయకుండ నున్నను బ్రతికిన సంస్థ యది. దానికి ప్రాణము ఎవరి లేఖవలన వచ్చినది?

వకీలు: స్వాతంత్ర్యమునకు పూర్వపు మాటలతో మీరు నన్ను చాల దూరము నడపించితిరి. వయోజనుల ఓటు వచ్చిన తరువాత లెక్క వేఱు. ఓటరు జిల్లాకమిటీ కార్యదర్శి మొగము చూచి ఓటు వేయడు. 1977లో ఉత్తరదేశమంతయు కాంగ్రెసును ఊడ్చివేసినప్పుడు మన రాష్ట్రమున 42 లోక్‌సభ స్థానములలో 41 ఇందిరాగాంధీగారి పక్షమునకే వచ్చెను. పోయిన ఒక్క నంద్యాలయు సంజీవరెడ్డిగారికి, అనగా ఒకప్పటి కాంగ్రెసు అధ్యక్షునకే పోయెను. 1978 ఆరంభమున పక్షము చీలినప్పుడు పాతకాంగ్రెసుకు జాతీయాధ్యక్షుడు మన కాసు బ్రహ్మానందరెడ్డిగారు, ముఖ్యమంత్రి మన జలగం వెంగళరావుగారు; కార్యాలయములు, కమిటీలు వారి చేతిలోనివి. పుట్టి రెండునెలలైనను నిండని ఇందిరాకాంగ్రెసు, ఎవ్వరు నెఱుగని హస్తపు గుర్తుతో నిలిచి 294లో 175 స్థానములు గెలిచెను. శాఖ ఉన్నవారు ఓడిరి, నాయకురాలు ఉన్నవారు గెలిచిరి. అట్లయినచో అధ్యక్షుని నియమించు హక్కు ఎవరికుండవలెను? ఓట్లు తెచ్చువారికి గదా!

మాస్టారు: అది మీ వాదములో మిక్కిలి బలమైన కోణము, కాదనను. ఆ విజయము తరువాతి అయిదేండ్లు కూడ చెప్పుడు. చెన్నారెడ్డిగారిని దించి అంజయ్యగారిని, ఆయనను దించి భవనం వెంకట్రాంగారిని, ఆయనను దించి కోట్ల విజయభాస్కరరెడ్డిగారిని పెట్టిరి. ఒక శాసనసభాకాలమున నలుగురు ముఖ్యమంత్రులు! బేగంపేట విమానాశ్రయమున స్వాగతము చెప్పవచ్చిన అంజయ్యగారిని రాజీవ్‌గాంధీగారు అందఱియెదుట కసరుకొనినప్పుడు, ఆ అవమానమునుగూర్చి ప్రదేశ్ కమిటీ ఒక్క పలుకు పలుకలేదు. పలికినవారు కమిటీకి వెలుపలివారు. 1982 మార్చి 29న రామారావుగారు ఆత్మగౌరవమను మాటతో తెలుగుదేశము పక్షమును స్థాపించి, తొమ్మిదినెలలలో రెండువందలకు మించిన స్థానములు గెలిచిరి. కాంగ్రెసుకు 60 మిగిలెను. శాఖకు తన కోపమును తానే చెప్పుకొను నోరున్నచో, ఆ కోపము మఱొక పక్షముగా పుట్టవలసిన అగత్యముండెడిది కాదు.

వకీలు: నోరు ఎవరు కుట్టిరి? మాస్టారూ, ఇక్కడనే మీ వాదము కుంటువడుచున్నది. ఆనాటి శాసనసభాపక్షపు సమావేశములలో ఏ ఒక్కదానిలోనైనను 'మా నాయకుని మేమెన్నుకొందుము' అని లేచినవారుండిరా? పరిశీలకుడు ఢిల్లీనుండి వచ్చును. అందఱును ఏకవాక్య తీర్మానము చేయుదురు: నాయకుని నిర్ణయించు అధికారము అధిష్ఠానమునకే అప్పగించితిమని. సీల్డుకవరు తెరచువఱకు లోపలి పేరెవరిదో తమకు తెలియదని నవ్వుచు చెప్పుకొందురు. రెండు ముఠాలున్నచో రెండును ఢిల్లీ రైలెక్కును. అక్కడివారు అధికారమును అపహరించిరనుట అసత్యము. ఇక్కడివారే మోసికొనిపోయి ఇచ్చిరి. ఇచ్చినదానిని పుచ్చుకొనుట నేరమా?

మాస్టారు: వకీలుగారూ, ఈ అభియోగమున మీకు డిక్రీ ఇచ్చుచున్నాను. ఇచ్చినవారిదే ప్రథమదోషము. కాని ఎందుకిచ్చిరో విచారింపవలదా? ఎన్నిక జరుగవలెనన్నచో సభ్యుల జాబితా నిజమైనదై యుండవలెను. నాలుగణాలిచ్చి పేరు వ్రాయించుకొను మనుష్యుడు క్రమముగా మాయమై, వేలకొలది పేర్లకు ఒక్కడే తన జేబునుండి చందా కట్టు నాయకుడు వచ్చెను. ఓటర్లజాబితాను ఎదుటనుంచుకొని సభ్యత్వపు పుస్తకములు నింపు విద్య ఏ మండలమునకు పోయినను కనబడును. అట్టి జాబితాపై ఎన్నిక జరిగినచో గెలుచునది డబ్బు. ఓడినవాడు ఆ ఓటమిని అంగీకరింపడు. కనుక ఎవడును ఓడిపోనక్కఱలేని మార్గమొకటి అందఱికి నచ్చినది: నియామకము. నియామకమువలన పదవి రానివాడు 'నాకు ఓట్లు లేవు' అనుకొననక్కఱలేదు, 'నామాట ఢిల్లీకి చేరలేదు' అనుకొనిన చాలును. మానము దక్కును, ఆశయు దక్కును. దొంగజాబితా, ఏకవాక్య తీర్మానము, సీల్డుకవరు, ఇవి మూడును ఒకే రోగముయొక్క లక్షణములు.

వకీలు: మీ రోగనిర్ణయము బాగున్నది. చికిత్స చేయబోయినవారికేమయ్యెను? ఇరువది సంవత్సరములు సంస్థాగతపు ఎన్నికలే లేకుండిన పక్షమునకు 1992లో మన పి.వి. నరసింహారావుగారు ఎన్నికలు జరిపించిరి. తిరుపతిలో కూడిన మహాసభలో కార్యవర్గమునకు నిజమైన పోటీ జరిగెను. అర్జునసింగు, శరద్‌పవారుల వంటివారు ఓట్లతో గెలిచిరి. గెలిచినవారిలో హరిజన గిరిజనులుగాని స్త్రీలుగాని లేరని నరసింహారావుగారు ఎత్తిచూపగా, ఎన్నికైనవారందఱు రాజీనామా లిచ్చిరి. పిదప కార్యవర్గము నియామకముతోనే నిండెను. మీ ఓటు బలహీనులను పైకి తేలేకపోయెను, నియామకము తెచ్చెను.

మాస్టారు: బలహీనులకు స్థానములు ప్రత్యేకించి, ఆ స్థానములకే ఎన్నిక జరిపియుండవచ్చును గదా, మన పంచాయతీలలో జరుగుచున్నదదియే. న్యాయమైన కారణమొకటి దొరకినంతనే ఎన్నికను రద్దుచేయుట సులభమని తిరుపతి నేర్పినది. ఆ పాఠమును అన్ని రాష్ట్రకమిటీలును చక్కగా వల్లించినవి.

వకీలు: చట్టము చూడుడు. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తరువుప్రకారము గుర్తు జాతీయపక్షమునకు చెందినది. బి-ఫారముపై సంతకము చేయువాడెవడో ఎ-ఫారముద్వారా తెలుపవలసినది ఆ పక్షమే. 1985లో ఫిరాయింపుల నిరోధపు చట్టము వచ్చినది. పక్షపు ఆజ్ఞను మీఱి ఓటువేసిన సభ్యుని సభ్యత్వమే పోవును. రాజ్యాంగమే పక్షమును ఇంత బిగువుగా పట్టుకొనుమని చెప్పుచుండగా, మీరు పగ్గములు సడలింపుమందురా?

మాస్టారు: ఆ ఉత్తరువులోనే మఱొక నియమమున్నది. నాలుగు రాష్ట్రములలో రాష్ట్రపక్షముగా గుర్తింపు గలది జాతీయపక్షమగును. అనగా జాతీయత్వము రాష్ట్రములను కూడగా వచ్చిన మొత్తమేగాని, ఆకాశమునుండి రాష్ట్రములపై కురిసిన వాన కాదు. బి-ఫారము ఢిల్లీయొద్దనే యుండనిండు. మండలాధ్యక్షునివఱకు ఆ అధికారము ప్రాకనేల? విభజనకాలమును స్మరింపుడు. 2013 జూలై 30న కార్యవర్గము తెలంగాణమునకు అంగీకరించినది. ఆ నిర్ణయము ఒప్పో తప్పో ఇరువురము ఇరుప్రక్కల వాదింపవచ్చును. కాని తమ పక్షపు ముఖ్యమంత్రియే దానిని బహిరంగముగా ఎదిరించెను, శాసనసభ బిల్లును త్రిప్పికొట్టెను, ప్రదేశ్ కమిటీ రెండు ప్రాంతముల వారిని ఒకచోట కూర్చుండబెట్టి తర్కించి ఓటుతీసి తన మాట తాను చెప్పలేకపోయెను. 2014లో ఆంధ్రప్రదేశమున 175 స్థానములలో ఒక్కటియు రాలేదు. నూటికి మూడు ఓట్లైనను రాలేదు. అది కోపఫలమందురు. మఱి కృతజ్ఞత చూపవలసిన తెలంగాణములో 119కి 21 మాత్రమే ఏల వచ్చెను? ఇచ్చిన దానిని చెప్పుకొను శాఖ అక్కడను లేకపోవుటచే!

వకీలు: అట్లే కానిండు. ఆ తెలంగాణములోనే 2021లో ఢిల్లీ ఎవరిని నియమించినది? నాలుగేండ్లక్రిందటనే తెలుగుదేశమునుండి వచ్చి చేరిన రేవంత్‌రెడ్డిగారిని. పాతకాపులెందఱో సణిగిరి. మీరన్నట్లు కమిటీలో ఓటు పెట్టియుండినచో వారు క్రొత్తగా వచ్చినవానికి పట్టముగట్టెడివారా? నియమించిరి, 2023లో 64 స్థానములతో రాజ్యము వచ్చెను. ఎన్నిక పాతవారిని కాపాడును, నియామకము సమర్థుని వెదకును.

మాస్టారు: వెదకి తెచ్చిననాడు మెచ్చుకొందము. అట్టి నియామకములెన్ని వ్యర్థమయ్యెనో, విజయవాడ కార్యాలయమున గోడలపై వరుసగా నున్న పటములు చెప్పును. సమర్థుడు దొరకుట అదృష్టము; పద్ధతి యుండుట సంస్థాలక్షణము. అదృష్టము పోయిననాడు ఏమగునో 2009 చూపినది. రాజశేఖరరెడ్డిగారు 2003లో చేవెళ్లనుండి ఇచ్ఛాపురమువఱకు నడచి పక్షమును నిలిపిరి. ఆయన మరణించిన మఱునాడు వారసుడెవరో నిర్ణయింపగల సంస్థ రాష్ట్రమున లేదు.

వకీలు: లేదనకుడు! శాసనసభ్యులలో అత్యధికసంఖ్యాకులు ఆయన కుమారునికి అనుకూలముగా సంతకములు చేసిరని ఆనాటి పత్రికలన్నియు వ్రాసినవి. మీ సిద్ధాంతమే ప్రమాణమైనచో ఆయననే ముఖ్యమంత్రిని చేయవలసినది. చెప్పుడు, అంగీకరింతురా?

మాస్టారు: అంగీకరింతును. నాకు నచ్చినవాడే గెలిచినప్పుడు మాత్రమే ఓటు పవిత్రమనుట నా సిద్ధాంతము కాదు. అయితే సంతకముల కాగితము ఎన్నిక కాదు. ఒకరియెదుట ఒకరు చేయు సంతకములో భయమును మొగమోటమును కలిసియుండును. రహస్యముగా ఓటుతీసి, గెలిచినవారికి పదవియు, ఓడినవారికి లెక్కయు ఇచ్చియుండినచో, ఆ పక్షము రెండుగా చీలియుండెడిదో లేదో చెప్పలేనుగాని, చీలినను ఎవరెంతయో తెలిసియుండెడిది. ఇప్పుడు తెలిసినదేమి? 2014, 2019, 2024 మూడు శాసనసభలలోను ఆంధ్రప్రదేశ్ కాంగ్రెసుకు ఒక్క స్థానమును లేదు.

వకీలు: అయినను ఈ దోషము కాంగ్రెసు ఒక్కదానిదే యనుట అన్యాయము. భారతీయ జనతాపక్షమున రాష్ట్రాధ్యక్షునికి ఎన్నికయని ప్రకటింతురు, ఒక్క నామినేషనే మిగులును, ఏకగ్రీవమందురు. కమ్యూనిస్టుల మహాసభలలో పైకమిటీ పెట్టిన జాబితాకు చేతులెత్తుదురు. ప్రాంతీయపక్షముల సంగతి చెప్పనక్కఱలేదు. అక్కడ అధ్యక్షపదవి ఇంటిలోని వస్తువు. దేశమంతయు ఇట్లుండగా, ఒక్క కాంగ్రెసు రాష్ట్రశాఖ మాత్రము ఎన్నికలకు దిగినచో, పొరుగువారు ఏకమై నిలువగా తాము కలహించుకొని నశింతురు.

మాస్టారు: కలహము లేకుండ నశించుచున్నవారికి ఆ భయమేల? ఇక ఒక్క మాట చెప్పి ముగింతును. 2022 అక్టోబరులో కాంగ్రెసు జాతీయాధ్యక్షపదవికి ఎన్నిక జరిగినది. ఖర్గేగారికి 7,897, శశిథరూరుగారికి 1,072 ఓట్లు వచ్చినవి. ఈ ఓట్లు వేసినవారెవరు? అన్ని రాష్ట్రముల ప్రదేశ్ కమిటీల ప్రతినిధులు. దేశమంతటికి అధ్యక్షుని రహస్యపు ఓటుతో ఎన్నుకొనగల యోగ్యత వీరికున్నదని పక్షపు నిబంధనావళియే చెప్పినది. అదే సంవత్సరము, ఆ ఎన్నికకు ముందు, అనేక ప్రదేశ్ కమిటీలు కూడి ఏమని తీర్మానించినవి? తమ రాష్ట్రాధ్యక్షుని, తమ పక్షమున అఖిలభారత కమిటీకి పోవు సభ్యులను నియమించు అధికారము రాబోవు జాతీయాధ్యక్షునకే అప్పగించితిమని! భారతదేశమునకు పెద్దను ఎన్నుకొనగలవారు తమ రాష్ట్రమునకు పెద్దను ఎన్నుకొనలేరా? ఈ ప్రశ్నకు మీ చట్టములో సమాధానమున్నచో చెప్పుడు.

వకీలు: (కొంచెముసేపు ఆలోచించి) చట్టములో లేదు. ఆ తీర్మానము చేయుమని ఏ నిబంధనయు వారిని నిర్బంధింపలేదు. నేను ఇంతవఱకు కేంద్రాధికారమును సమర్థించితిని, ఇప్పుడును సమర్థింతును. గుర్తు, అభ్యర్థిత్వము, విధానము, క్రమశిక్షణ యివి పైనుండవలెను. లేనిచో 1951 మరల వచ్చును. కాని రాష్ట్రాధ్యక్షుని ఎన్నుకొనుట ఈ నాలుగింటిలో దేనికిని భంగము కాదు. ఎన్నికైనవాడు విధానము మీఱినచో తొలగించు అధికారము పైవారికెటులను కలదు. తొలగించు అధికారము గలవాడు నియమించు అధికారమును కూడ కోరుట అత్యాశ. ఎన్నుకొను అధికారము గలవాడు దానిని వదలుకొనుట పిఱికితనము. నా తీర్పు ఇంతే.

మాస్టారు: ఆ తీర్పునకు నేను అప్పీలు చేయను. ఒక్క షరతు చేర్పుడు: ఎన్నికకు ముందు జాబితా శుద్ధి కావలెను. సభ్యులపేర్లను గ్రామపంచాయతీ కార్యాలయపు గోడకు అంటించి, లేనివారిని, చనిపోయినవారిని, తమపేరు తామెఱుగనివారిని కొట్టివేయవలెను. అది చేయకుండ జరుపు ఎన్నిక ఏకవాక్య తీర్మానముకంటె మేలు కాదు.

సంవాదమింతటితో ముగిసినది. ఇరువురును తమతమ ప్రథమప్రతిజ్ఞలను పూర్తిగ విడువకున్నను ఒక నిశ్చయమునకు వచ్చిరి: రాష్ట్రశాఖ స్వాతంత్ర్యమును ఢిల్లీ గుంజుకొనలేదు, రాష్ట్రశాఖయే ప్రతిసారి ఒక్క వాక్యములో వ్రాసి యిచ్చినది, వ్రాసి యిచ్చినదానిని వ్రాయుట మానుటచేతనే తిరిగి పొందవచ్చును. అందులకు మహానాయకుడొకడు పుట్టనక్కఱలేదు. పాఠకులలో ఏ జాతీయపక్షమునకైనను చందా కట్టి రసీదు పొందినవారుండినచో, వారు రానున్న సంస్థాగతపు ఎన్నికలకు ముందు తమ మండలపు కార్యాలయమునకు పోయి సభ్యుల జాబితా చూపుమని అడుగవలెను, చూపినచో చదువవలెను, చూపనిచో ఆ పక్షమునకు మండలశాఖ లేదని గ్రహింపవలెను.